ఐదో కొవ్వొత్తి

మా వీధిలో చెట్ల మొదళ్లకు సున్నం వేస్తున్నారు. ఎవరో పెద్దాయన ఎల్లుండి ఈ దారిన వెళ్తాడట. రోడ్డు మీద గోతులు పూడ్చడానికి తీరిక లేదు కాబట్టి చెట్లకు నడుం దాకా తెల్ల లంగాలు కడుతున్నారు. రాజమండ్రిలో మా మూడో అంతస్తు బాల్కనీలో కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి మునిసిపాలిటీ వాళ్లను మనసులోనే వెక్కిరించుకుంటున్నాను. రిటైరైన టీచరమ్మకు పొద్దున్నే అంతకన్నా పనేముంటుంది? ఇంతలో గాలి ఇటు మళ్లి తడి సున్నం వాసన పైకి వచ్చింది. కాఫీ సంగతి మరిచిపోయాను.

ఆ వాసన ఇంకొకరికి పెళ్లివారి ఇంటిని గుర్తుచేస్తుందేమో. నాకు మాత్రం సమాధుల తోట గుర్తొస్తుంది. దాని వెనకే దిబ్బరొట్టె, దాని వెనకే మా మామ్మ.

మాది నరసాపురానికి నాలుగు మైళ్ల దూరంలో, కాలువ గట్టున ఉన్న ఊరు. మా పేటంతా లూథరన్ గుడికే వెళ్లేది. ఈస్టరుకు ముందు నలభై రోజుల శ్రమల కాలమంతా గొంతు తగ్గించి పాడుకుని, గుడ్ ఫ్రైడే నాడు ఉపవాసాలుండి, శనివారం పొద్దున మాత్రం పెళ్లిపనులున్నట్టు అందరూ హడావిడి పడేవాళ్లు. ప్రతి ఇంటి నుంచీ ఒక బకెట్టు, ఒక చీపురు, ఒక కొబ్బరి పీచు కుంచె బయలుదేరేవి. మర్నాడు ఈస్టరు. తెల్లవారకముందే సంఘమంతా పాడుకుంటూ సమాధుల దగ్గరికి వస్తుంది. అప్పటికి అన్నీ తెల్లగా మెరుస్తూ ఉండాలి. గుల్ల సున్నం కుండలో నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికేది. పిల్లలం చుట్టూ చేరి ఆ ఆవిరి పీల్చి దగ్గేవాళ్లం. అందులో చిటికెడు నీలిమందు కలపమంటే గుప్పెడు కలిపి, ఒక ఏడాది మా తాతయ్య సమాధిని నీలంగా మార్చిన ఘనత నాదే. ఆయన బతికుండగా రంగు చొక్కా తొడగలేదు, ఇప్పటికి తీరిందిలే అని మామ్మ నవ్వేసింది.

మామ్మ అంటే మా నాన్న వాళ్లమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. జుట్టుముడిలో లేసు సూది గుచ్చుకుని తిరిగేది. నరసాపురంలో షావుకారు దగ్గర నూలు ఉండలు తెచ్చుకుని, ముప్పై ఏళ్లుగా అరుగు మీద కూర్చుని లేసు అల్లుతూనే ఉంది. అవి దొరల దేశాల్లో భోజనాల బల్లల మీద పరుస్తారట. మా ఇంట్లో అసలు బల్లే లేదు. అంతకాలం అల్లినా తన ఒంటి మీద వేలెడు లేసు కూడా ఉండేది కాదు.

తాతయ్య పోయినప్పుడు మామ్మ ఒక పని చేసింది. ఆయన పక్కనే తనకూ ఒక చోటు అడిగి, మేస్త్రీ చేత చుట్టూ ఇటుకలు కట్టించి పెట్టుకుంది. మధ్యలో ఉత్త గడ్డి. ఏటా మిగతావాటితో పాటు ఆ ఇటుకలకూ సున్నం వేసేది. పని అయ్యాక దాని అంచు మీద కాళ్లు చాపుకుని కూర్చుని, ఇంటి నుంచి తెచ్చిన దిబ్బరొట్టె తుంపి, పానకంలో ముంచి మా నోట్లో పెట్టేది. మినప్పిండి మాడిన వాసన, బెల్లప్పానకం వాసన, తడి సున్నం వాసన. ఈ మూడూ కలిస్తే నాకు ఈస్టరు. మా అమ్మకు ఆ కూర్చోవడం అస్సలు నచ్చేది కాదు. కానీ అత్తగారితో వాదించేంత ధైర్యం మా ఇంట్లో పిల్లికి కూడా లేదు.

నాకు తొమ్మిదేళ్లు వచ్చిన ఏడాది, కొవ్వొత్తులు పెట్టే పని మొదటిసారి నాకు అప్పగించారు. మాకు అక్కడ నాలుగు సమాధులు. తాతయ్య అమ్మానాన్నలవి రెండు, తాతయ్యది ఒకటి, పసితనంలోనే పోయిన చిన్నాన్నది ఒకటి. పాలకొల్లు నుంచి పండక్కి వచ్చిన మా అత్త నా చేతిలో ఐదు కొవ్వొత్తులు పెట్టింది. ఒకటి గాలికి విరిగినా పడిపోయినా పనికొస్తుందని ఎక్కువ ఇచ్చింది. ఆ సంగతి నాకు చెప్పలేదు.

ఇంకా చుక్కలుండగానే బయలుదేరాం. ముందు పాస్టరు అయ్యగారు తెల్లటి నిలువుటంగీతో, వెనక డోలక్కు, దాని వెనక మేము. కాలువ మీద నుంచి చల్లగాలి వస్తోంది. నాలుగు సమాధుల మీదా నాలుగు కొవ్వొత్తులు మైనం కరిగించి జాగ్రత్తగా నిలబెట్టాను. చేతిలో ఒకటి మిగిలింది. చూస్తే మామ్మ చోటు ఒక్కటే చీకటిగా ఉంది. నిన్న మేము అంత కష్టపడి సున్నం వేసిన ఇటుకలు. మామ్మను ఎవరో మరిచిపోయినట్టు అనిపించింది. వెలిగించి పెట్టేశాను.

అయ్యగారు గొంతెత్తి ప్రభువు లేచెను అన్నారు. నిజముగా లేచెను అని అందరూ బదులు చెప్పాల్సిన చోట మా వైపు నుంచి మా అత్త కేక వినబడింది. "ఒసేయ్, బతికున్న మనిషికి పెట్టేశావేంటే?" అని నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆడవాళ్లు నోళ్లు నొక్కుకున్నారు. అమ్మ వంగి ఆ కొవ్వొత్తి ఆర్పబోయింది. మామ్మ చెయ్యి అడ్డుపెట్టింది.

"ఆర్పకండి," అంది. "చచ్చాక అక్కడ నాకు వెలుగుకి కొదవేంటి? ఈ కొవ్వొత్తి పనికొచ్చేది ఇప్పుడే."

తర్వాత దాని పక్కనే తన ఇటుకల మీద కూర్చుని, పాట ఎత్తుకుంది. డోలక్కు అందుకుంది. తూర్పు తెల్లబడేదాకా అక్కడే పాడుతూ ఉంది. అందరూ సర్దుకున్నారు గానీ నేను సర్దుకోలేదు. ఇంటికి వస్తుంటే ఇద్దరు ముసలమ్మలు నా వంక చూస్తూ అపశకునమని గుసగుసలాడుకోవడం విన్నాను. ప్రభువును నమ్ముకున్నవాళ్లకు శకునాలుండవని ఆదివారం బడిలో చెప్పారు కానీ, ఆ ముసలమ్మలు రోజూ గుడికి వచ్చేవాళ్లే. ఎవరి మాట నమ్మాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే నాకు జ్వరం వచ్చింది. పండగ నాటి కోడికూర ముట్టలేదు. మామ్మను నేనే చంపేశానని, ఎప్పుడు చనిపోతుందో ఇంక చూస్తూ ఉండాలని ఒకటే దిగులు. తెల్లవారగానే చాప మీద నిద్రపోతున్న ఆవిడ మొహం మీదికి వంగి ఊపిరి ఆడుతోందో లేదో చూసేదాన్ని. ఆవిడ కళ్లు తెరవకుండానే అనేది, "లేచాలేవే, మొహం తియ్యి, గాలాడట్లేదు."

మూడో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరు. మామ్మ పెరటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకేడుస్తున్నావని అడిగింది. చెప్పాను. ఆవిడ గింజలు తీస్తూనే ఉంది.

"నీ కొవ్వొత్తి వల్ల ఏమీ అవ్వలేదు," అంది చివరికి. "మట్టల ఆదివారానికి ముందే, లేసు ఇవ్వడానికి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో చూపించుకున్నాను. కడుపులో గడ్డ ఉందంట. కొయ్యడానికి వీల్లేదంట. వానాకాలం దాటితే గొప్పేనన్నాడు డాక్టరు. అది ముందు, నీ కొవ్వొత్తి తర్వాత. లెక్క సరిపోయిందా?"

నేను ఇంకా పెద్దగా ఏడ్చాను. ఆవిడ చీర చెంగుతో నా ముక్కు తుడిచింది. నాన్నకు తెలిస్తే పెద్దాసుపత్రికి తీసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టి గంజి పోయిస్తాడని, ఉన్న నాలుగు నెలలూ గోడలు చూస్తూ గడపడం తనకు ఇష్టం లేదని, ఎవరికీ చెప్పొద్దని అంది. నేను తలమీద చెయ్యి పెట్టి ఒట్టు వేయబోతే ఆపింది. మనం ఒట్లు వేయం, మాటిస్తే చాలు అంది. మాటిచ్చాను.

భయం వేయట్లేదా మామ్మా అని అడిగాను.

"వేస్తుంది. సాయంత్రాలు వేస్తుంది. అప్పుడు ప్రార్థన చేసుకుంటాను. ప్రార్థన అయ్యాక ఆకలేస్తుంది." ఇంకో గింజ తీసి పక్కన పడేసి మళ్లీ అంది. "దేవుడు నాకు ప్రాణం ఇచ్చింది, అది పోతుందేమోనని కాపలా కాయడానికి కాదే. చావు సంగతి ఆయన చూసుకుంటాడు. రేపటి కూర సంగతి నేను చూడాలి."

ఆ వేసవి లాంటి వేసవి నా జీవితంలో మళ్లీ రాలేదు.

కాలువలు కట్టేసే రోజులవి. నీళ్లు తగ్గి అడుగున మడుగులు మిగిలేవి. మామ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని మాతో పాటు బురదలోకి దిగి కొర్రమీనులు పట్టింది. ఊరు ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. ఒంటినిండా బురదతో వచ్చి, ఆ చేపల్లో మామిడికాయ ముక్కలు వేసి పులుసు పెట్టింది. ఈ రోజు కంటే రేపు బాగుంటుందని అమ్మ మూత పెట్టబోతే, రేపటి దాకా ఎవరుంటారమ్మా అని మొత్తం ఒక్క పూటలో మా చేత తినిపించింది. అమ్మ అది మాటవరసకు అన్నదనుకుంది. నేను అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని తలదించుకున్నాను.

ఆవకాయ మాత్రం ఎప్పటికంటే రెట్టింపు పెట్టింది. ఇంత ఎవరు తింటారత్తయ్యా అని అమ్మ సణిగింది. మీరే, అంది మామ్మ, జాడీకి వాసెన కడుతూ.

గుడిలో ఆడవాళ్ల వైపు స్తంభం పక్కన చోటు కోసం ఒకావిడతో మామ్మకు ఏడేళ్లుగా మాటల్లేవు. ఒక ఆదివారం తనే వెళ్లి, ఆ చోటు నువ్వే ఉంచుకో, నాకు వేరే చోటు దొరికింది అని చెప్పి, ఆవిడకు రెండు కోడిగుడ్లు ఇచ్చి వచ్చింది. ఆవిడకు ఏమీ అర్థంకాక గుడ్లు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అన్నిటికంటే నాకు గుర్తుండిపోయింది పంటు. నరసాపురం రేవులో గోదావరి దాటడానికి సైకిళ్లను, మేకలను, మనుషులను కలిపి ఎక్కించుకునే పెద్ద పడవ అది. ఒకరోజు నాన్న మామ్మనూ నన్నూ రేవు దాకా తీసుకొచ్చి దింపారు. అవతల ఏం పని అని అడగలేదు. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో మేష్టారు. సుద్దముక్క విరిగితేనే గంటసేపు పొదుపు గురించి చెప్పే మనిషి. అలాంటాయన ఆ వేసవిలో మామ్మ ఏమడిగినా ఒక్క మాట అనలేదు. ముంజలు కావాలంటే ముంజలు, సోడా కావాలంటే సోడా. అంతేకాదు, పండగా పబ్బం లేకుండా ఆవిడకు ఒక తెల్లచీర కూడా కొని తెచ్చారు. మామ్మ దాన్ని చేతుల్లోకి తీసుకుని చాలాసేపు నిమిరింది. మర్నాటి నుంచి షావుకారు పని పక్కన పడేసి ఆ చీర అంచుకు లేసు అల్లడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లలో తన కోసం అల్లుకున్నది అదొక్కటే.

పంటు అవతలి ఒడ్డుకు చేరింది. అందరూ దిగారు. మామ్మ దిగలేదు. "ఆయ్, ఇంక దిగాలండి," అన్నాడు పంటువాడు. మాకు అవతల పనేమీ లేదని, గాలి కోసం వచ్చామని, మళ్లీ ఇలాగే వెనక్కి తీసుకెళ్లమని చెప్పింది. అతను నవ్వి ఊరుకున్నాడు. అలా మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం. నది మధ్యలో ఆవిడ కమ్మీ పట్టుకుని కళ్లు చిట్లించి మా ఒడ్డు వైపే చూస్తూ, "అవతలికి దగ్గరయ్యేకొద్దీ మన ఒడ్డు ఎంత బాగుందో చూడవే," అంది. నేను చూడలేదు. ఆవిడ చేతి ఎముకలు చూస్తున్నాను. గాజులు మోచేతి దాకా జారిపోతున్నాయి.

అప్పటికే బాగా చిక్కిపోయింది. రవికెలు వదులయ్యాయి. ఒకటి రెండుసార్లు పెరట్లో గోడకు ఆనుకుని పళ్లు బిగబట్టడం చూశాను. మాట తప్పి నాన్నకు చెప్పేయాలని నాలుక చివరి దాకా వచ్చేది. చెప్తే మంచం మీద పడేస్తారు, చెప్పకపోతే చనిపోతుంది. తొమ్మిదేళ్ల పిల్లకు ఇంతకంటే పెద్ద లెక్క ఎవరూ ఇవ్వకూడదు.

ఒక సాయంత్రం బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే నాన్న వచ్చి హ్యాండిల్ కొట్టారు. నీళ్లు నా పాదాల మీద పడుతుండగా మామూలుగా అడిగినట్టు అడిగారు. "మామ్మ నీతో ఏమైనా చెప్పిందా అమ్మా?"

ఏం లేదు నాన్నా, అన్నాను. జన్మలో నాన్నకు అబద్ధం చెప్పడం అదే మొదలు. నా మొహం వంక కాసేపు చూశారు. తల మీద చెయ్యి వేసి, సరేలే, మామ్మను వదలకుండా ఉండు అని వెళ్లిపోయారు. నేను బతికి బయటపడ్డాననుకున్నాను.

లేసు అంచు పూర్తయిన ఆదివారం మామ్మ ఆ చీర కట్టుకుని గుడికి వచ్చింది. నడవడానికి నా భుజం పట్టుకుంది గానీ పాటలో గొంతు మాత్రం అందరికంటే పైనే ఉంది. ఆ వారమే గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయి. కాలువల్లోకి కొత్తనీళ్లు వదిలారు. కప్పలు మొదలుపెట్టాయి. గురువారం పొద్దున పెంకుల మీద వాన పడుతుండగా లేచి, అలవాటు కొద్దీ మామ్మ మొహం మీదికి వంగాను. మొహం తియ్యవే అంటుందని ఎదురుచూశాను. వాన చప్పుడే వినబడింది. చాలాసేపు అలాగే వంగి ఉన్నాను. ఆ పిలుపు కోసం నేను ఇప్పటికీ వంగే ఉన్నానేమో అనిపిస్తుంది.

మా నేలలో రెండడుగులు తవ్వితే నీళ్లూరుతాయి. వానలో మగవాళ్లు బకెట్లతో నీళ్లు తోడి పోస్తూ, ఇసుక పోస్తూ, ఆవిడ కట్టించుకున్న ఇటుకల మధ్యే గొయ్యి తీశారు. ఈస్టరుకు మేము వేసిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది. లేసు అంచున్న ఆ చీరలోనే పంపించాం. ఏ జబ్బూ లేకుండా హాయిగా నిద్రలో పోయింది, ధన్యురాలు అని ఊరంతా అన్నది. నాన్న కూడా అదే మాట అన్నారు. నేను అమ్మ కొంగులో మొహం దాచుకున్నాను.

ఆవకాయ ఏడాదంతా తిన్నాం. మళ్లీ శనివారం వచ్చింది, సున్నం వేశాం. ఈస్టరు తెల్లవారుజామున కొత్త సమాధి దగ్గర నాన్న కొవ్వొత్తి వెలిగించి, తాను పెట్టకుండా నా చేతికిచ్చి, నువ్వే పెట్టమ్మా అన్నారు. ఆయనకు చెయ్యి రాలేదేమో అనుకున్నాను. అత్త ఈసారి ఏమీ అనలేదు.

తర్వాత చదువు, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పి ఉంటే మామ్మ ఇంకొన్నాళ్లు బతికేదేమోనని అర్ధాయుష్షు గడిచాక కూడా అనుమానం పీకుతూనే ఉండేది. నాన్న చివరి నెలలు ఇక్కడ, ఈ ఇంట్లోనే గడిపారు. ఒక మధ్యాహ్నం ఆయనకు జావ తాగిస్తూ, ఇంక ఆగలేక అంతా చెప్పేశాను. చెంచా పక్కకు తోసి నవ్వారు.

"తెలుసే," అన్నారు. "ఆ ఆసుపత్రి కాంపౌండరు మన ఊరివాడే. మర్నాడే స్కూలుకొచ్చి చెప్పేశాడు."

జావ గిన్నె కింద పెట్టాను. మరి ఎందుకు ఊరుకున్నారని అడిగితే, డాక్టరు దగ్గరికి తాను కూడా వెళ్లానని, ఇంక చేసేదేమీ లేదని తనకూ అదే చెప్పారని అన్నారు. మా అమ్మ కోరుకుంది నాలుగు నెలల సంతోషం, అది కూడా నేను లాక్కుంటానా అన్నారు. మరి బోరింగు దగ్గర నన్నెందుకు అడిగారు అన్నాను.

"అమ్మ ఎవరికన్నా చెప్పుకుందో లేదో తెలుసుకుందామని. నీ మొహం చూడగానే తెలిసిపోయింది. ఒక్కతే మొయ్యట్లేదులే అని ఆ పూట కాస్త అన్నం తిన్నాను."

మీకు తెలుసని మామ్మకు తెలుసా అని అడిగాను. నాన్న పైకప్పు వంక చూశారు. "తెల్లచీర తెచ్చిన రోజు నా వంక చూసింది. నేను ఏమీ అనలేదు. అమ్మ కూడా ఏమీ అనలేదు." తర్వాత నోరు తెరిచారు, జావ కోసం.

ఇదంతా తడి సున్నం తెచ్చిన తంటా. కాఫీ గ్లాసు లోపల పెట్టి, ఖాళీ పెరుగు డబ్బా పట్టుకుని కిందికి దిగి, సున్నం వేసే అతన్ని కొంచెం పోయమని అడిగాను. మొక్కలకా అమ్మా అన్నాడు. అవునన్నాను. మా తమ్ముడు అక్కడ అన్ని సమాధులకూ గ్రానైటు వేయించాడు, దాని మీద సున్నం నిలవదు, ఒక్క వానకు పోతుంది. పోతే పోనీ. ఈస్టరుకు ముందు ఈ శనివారం వెళ్లి మామ్మది ఒక్కటైనా నా చేత్తో తెల్లగా చేస్తాను.

అమ్మానాన్నలతో కలిపి ఇప్పుడు మాకు అక్కడ ఏడు. నేను ఏటా ఎనిమిది కొవ్వొత్తులు కొంటాను. ఎనిమిదోది వెలిగించి నా చేతిలోనే పట్టుకుని, తూర్పు తెల్లబడేదాకా మామ్మ పక్కన కూర్చుంటాను. ఇలా చేస్తే వీపు మీద ఒక్కటి వేయడానికి ఇప్పుడు అత్త కూడా లేదు.